అలీ పేరెత్తకుండా జో ఫ్రేజియర్ గురించి మాట్లాడగలమా?

ఫిల్లీ_సుబ్బు
మొన్న ఇండియా నుంచి మా బావగారి కుటుంబం వచ్చింది. ఫిలడెల్ఫియా వచ్చినవాళ్లందరూ అడిగేదే వీళ్లూ అడిగారు. ఆర్ట్ మ్యూజియం మెట్లెక్కాలి, రాకీ సినిమాలోని బాక్సర్ విగ్రహం పక్కన చేతులెత్తి ఫోటో దిగాలి. సరే, దిగారు. "ఈ ఊళ్లో నిజంగా బతికిన హెవీవెయిట్ ఛాంపియన్ ఒకాయన ఉన్నాడు, జో ఫ్రేజియర్. ఆయన విగ్రహం కూడా చూద్దామా?" అన్నాను. "ఎవరూ, ఆ మహమ్మద్ అలీ చేతిలో ఓడిపోయాడే, ఆయనా?" అన్నారు బావగారు.

ఇంటికొచ్చిన చుట్టాన్ని ఏమీ అనలేక ఇక్కడికొచ్చి కక్కుతున్నా. ప్రొఫెషనల్ రింగ్‌లో అలీని మొట్టమొదట ఓడించిన మనిషి ఆయన. ఆ సినిమాలో హీరో వేలాడదీసిన మాంసాన్ని గుద్దుతూ ప్రాక్టీస్ చేస్తాడు చూశారా, అది ఫ్రేజియర్ ఇక్కడి కబేళాలో పనిచేసేటప్పుడు చేసినదే. సినిమావాళ్లు తన జీవితం వాడుకున్నారు కానీ పైసా ఇవ్వలేదని ఆయన చివరిదాకా అంటూనే ఉన్నాడు. 2011 నవంబర్ 7న కాలేయ క్యాన్సర్‌తో పోయాడు, 67 ఏళ్లు. లేని బాక్సర్‌కి ముందే విగ్రహం. ఉన్న బాక్సర్‌కి పోయిన నాలుగేళ్లకి, 2015లో.

అలీ పేరెత్తకుండా ఫ్రేజియర్ గురించి మాట్లాడగలిగేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఎత్తినవాళ్లు తలా ఒక టీ బాకీ.

బక్కోడు_99
ముందు మీ టీ మీరు కట్టండి సార్. మీ పోస్టులోనే అలీ ఎన్నిసార్లు వచ్చాడో చూసుకోండి.

నైట్_షిఫ్ట్
ఇదేం పందెం? రావణుడి పేరు లేకుండా రామాయణం చెప్పమన్నట్టుంది.

లలిత_కె
నేను ప్రయత్నిస్తా. సౌత్ కరోలినాలో బోఫర్ట్ దగ్గర పుట్టాడు, 1944 జనవరి 12న. ఇంటినిండా పిల్లలు, అందరికంటే చిన్నవాళ్లలో ఒకడు. తండ్రి రూబిన్ కౌలు పొలం చేసేవాడు. ఒక కాల్పుల గొడవలో ఆయన ఎడమ చెయ్యి పోయింది. అందుకని పనిలో నాన్నకి ఎడమ చెయ్యి ఈ పిల్లాడే. ఇంట్లో టీవీలో బాక్సింగ్ చూసి, గోనెసంచిలో గుడ్డపేలికలు, మొక్కజొన్న బెండ్లు, మధ్యలో ఒక ఇటుక కూరి, ఓక్ చెట్టుకి కట్టి రోజూ గుద్దేవాడు.

తర్వాత ఒక పంది వెంటపడితే పరిగెత్తి పడ్డాడు, ఎడమ మోచెయ్యి దెబ్బతింది. డాక్టరుకి చూపించే స్తోమత లేదు. అది తనంతట తనే అతుక్కుంది కానీ పూర్తిగా చాపడానికి రాలేదు, జీవితాంతం వంకరే. ప్రపంచం భయపడిన లెఫ్ట్ హుక్ (ఎడమచేత్తో పక్కనుంచి విసిరే గుద్దు) ఆ చేత్తోనే కొట్టాడు.

చూశారా, ఒక్కసారి కూడా ఆ పేరు రాలేదు. టీ నాకే ఇవ్వాలి.

ఇందూరు_పంచ్
లలితక్కా, ఆ చెయ్యి సంగతి నేను మా పిల్లలకి చెప్తుంటా. నిజామాబాద్‌లో చిన్న అకాడమీలో సాయంత్రాలు కోచింగ్ ఇస్తా. మా దగ్గర బాక్సింగ్ అంటే ఇప్పుడు నిఖత్ జరీన్ పేరే. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరల్డ్ ఛాంపియన్ అయింది కదా. హుసాముద్దీన్‌ది కూడా మా ఊరే, 2023 వరల్డ్స్‌లో కాంస్యం. వాళ్లని చూసి చేరే పిల్లలు చాలామంది. అందులో పొట్టిపిల్లలకి ఒక బాధ ఉంటుంది, "సార్, అవతలోడి చేతులు పొడుగు, నా పంచ్ అందట్లేదు" అని.

అలాంటివాళ్లకి ఫ్రేజియర్ వీడియో పెడతా. ఆరడుగులు కూడా లేడు, హెవీవెయిట్‌లో పొట్టోడి కింద లెక్క. మనిషి ఎప్పుడూ ఊగుతూనే ఉంటాడు, నడుము నుంచి కిందికి వంగి, పక్కకి లేచి, మళ్లీ వంగి. అవతలివాడి జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) తల మీంచి పోతుంది, ఈయన ఒక అడుగు లోపలికి వస్తాడు. లోపలికి వచ్చాక పొడుగు చేతులతో పనిలేదు. పక్కటెముకల మీద ఒకటి, పైకి ఇంకొకటి. "స్మోకిన్ జో" అనే పేరు కూడా దాంతోనే వచ్చింది. గ్లోవ్స్‌లోంచి పొగ రావాలి అనేవాడట మేనేజర్ యాంక్ డర్హమ్.

ఇది చూడటానికి ఈజీగా ఉంటుంది. మూడు నిమిషాలు అలా ఊగితే తెలుస్తుంది, తొడలు మండిపోతాయి. ఈయన 15 రౌండ్లు ఊగాడు.

బక్కోడు_99
కోచ్ గారూ, "15 రౌండ్లు" అన్నారంటే ఎవరితోనో మాకు తెలుసు. సగం టీ.

నైట్_షిఫ్ట్
సీరియస్‌గా ఒకటి చెప్తా, కోప్పడకండి. బాక్సర్‌గా ఫ్రేజియర్ గొప్పవాడే, కాదనను. కానీ వారసత్వం అంటే రింగ్‌లో గెలిచినవి లెక్కేయడం కాదు కదా. 1967లో అలీ వియత్నాం యుద్ధానికి రానని మొహం మీద చెప్పాడు. టైటిల్ పోయింది, లైసెన్స్ పోయింది, మంచి వయసులో మూడున్నరేళ్లు రింగ్‌లోకి రానివ్వలేదు. సుప్రీంకోర్టు 1971 జూన్‌లో కేసు కొట్టేసింది. అలాంటి మనిషి పక్కన నిలబడితే ఎవరైనా నీడలోనే ఉంటారు. అందులో అన్యాయం ఏముంది? ఖాళీగా ఉన్న టైటిల్ కదా ఫ్రేజియర్‌కి వచ్చింది.

(టీ రాసుకోండి.)

ఫిల్లీ_సుబ్బు
ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు అంటే ఒప్పుకోను. 1968లో బస్టర్ మథిస్‌ని కొట్టి న్యూయార్క్ టైటిల్ తీసుకున్నాడు. 1970 ఫిబ్రవరిలో జిమ్మీ ఎలిస్‌ని కొట్టి మొత్తం టైటిల్ తీసుకున్నాడు. ఎలిస్ ఐదో రౌండ్‌కి స్టూల్ మీంచి లేవలేదు. ఇంకోటి, అలీకి లైసెన్స్ తిరిగి ఇవ్వండని అడిగినవాళ్లలో ఈయనా ఉన్నాడు. నిక్సన్ దగ్గర కూడా ఆ మాట ఎత్తాడు. డబ్బు సాయం కూడా చేశాడు. అవతలివాడు రింగ్‌కి దూరంగా ఉంటేనే తనకి లాభం కదా, అయినా చేశాడు.

లలిత_కె
@నైట్_షిఫ్ట్ అలీ చేసింది చిన్నది అని ఎవరూ అనట్లేదు. కానీ తనకి సాయం చేసినవాణ్ణే తర్వాత "అంకుల్ టామ్" అన్నాడు, అంటే తెల్లవాళ్ల తొత్తు అని. ఎవర్ని? బోఫర్ట్‌లో ఒక తెల్ల రైతు నల్లపిల్లాణ్ణి బెల్టుతో కొట్టాడని బయట చెప్పినందుకు పని పోగొట్టుకుని, ఇక ఇక్కడ ఉంటే బతకలేవని ఇంట్లోవాళ్లు అంటే పదిహేనేళ్లకే బస్సెక్కి ఊరు విడిచినవాణ్ణి. అలీ లూయీవిల్‌లో పెరిగాడు, అక్కడా వివక్ష ఉంది, నిజమే. కానీ ఇద్దరిలో పొలంలో ఒళ్లు వంచి పెరిగింది ఫ్రేజియర్. 1975లో ఇద్దరి మనీలా ఫైట్ ముందు ఈయన్ని గొరిల్లా అని పాట కట్టి, రబ్బరు బొమ్మ జేబులోంచి తీసి గుద్దుతూ ప్రెస్‌ని నవ్వించాడు. ఫ్రేజియర్ పిల్లలు బడిలో ఆ మాటలు పడ్డారు. టికెట్లు అమ్మడానికి అలా అన్నాడు అంటారు. టికెట్లు అమ్ముడుపోయాయి, ఆ మాట మాత్రం ఈయన మీద ఉండిపోయింది.

నైట్_షిఫ్ట్
గొరిల్లా మాట తప్పే, దాన్ని నేను వెనకేసుకురాను. అలీ కూడా 2001లో పత్రికలో క్షమాపణ చెప్పాడు కదా.

లలిత_కె
పత్రికకి చెప్పాడు. ఎదురుగా చెప్పాల్సింది అని ఫ్రేజియర్ అన్నాడు. నేనైనా అదే అంటాను.

పాత_రేడియో
పిల్లలూ, కొంచెం పక్కదారి. సుబ్బు గారు చెప్పిన ఆ జిమ్మీ ఎలిస్ మన మద్రాసుకి వచ్చాడు తెలుసా? 1980 జనవరిలో అలీ మద్రాసు వచ్చినప్పుడు నెహ్రూ స్టేడియంలో ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడింది ఎలిస్‌తోనే. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, పాత దోస్తులు. అప్పుడు ఎంజీఆర్ ముఖ్యమంత్రి. మా అన్నయ్య మద్రాసులో చదువుకుంటూ వెళ్లి చూశాడు. ఎక్కడో దూరంగా కూర్చున్నాడట, ఇద్దరిలో ఎవరు ఎవరో అర్థం కావడానికే ఒక రౌండ్ పట్టిందని ఇప్పటికీ చెప్తాడు. నేను ఎలిస్ పేరు చెప్తే మాత్రం "ఆయనెవరు?" అంటాడు. ఫ్రేజియర్ చేతిలో ఓడినవాళ్లకి ఫ్రేజియర్ కంటే దిక్కులేదన్నమాట.

బక్కోడు_99
😂 ఈ థ్రెడ్ ఇలా పోతే రేపు ఎలిస్‌కి కూడా విగ్రహం పెట్టాలి.

ఒంటిగంట_కబుర్లు
1971 మార్చి 8 గురించి ఎవరూ పూర్తిగా చెప్పట్లేదేంటి! మాడిసన్ స్క్వేర్ గార్డెన్. అలీ 31 ఆడి 31 గెలిచాడు, ఫ్రేజియర్ 26కి 26. ఇద్దరు ఓటమి తెలియని ఛాంపియన్లు, చెరి 25 లక్షల డాలర్లు. రింగ్ పక్కన ఫ్రాంక్ సినాట్రా లైఫ్ పత్రికకి ఫోటోలు తీస్తూ ఉన్నాడు. 15వ రౌండ్‌లో లెఫ్ట్ హుక్, అలీ వెల్లకిలా. లేచాడు, అది వేరే సంగతి. ముగ్గురు జడ్జీలూ ఫ్రేజియర్‌కే ఇచ్చారు.

నాకు ఇష్టమైన ముక్క ఇది కాదు. అదే రాత్రి ఫిలడెల్ఫియా పక్కనే మీడియా అనే చిన్న ఊళ్లో ఎఫ్‌బీఐ ఆఫీసులో దొంగలు పడ్డారు. దొంగలంటే యుద్ధ వ్యతిరేక కార్యకర్తలు. దేశమంతా ఫైట్ వింటూ కూర్చుంటుంది, కాపలావాళ్ల చెవులు కూడా అటే ఉంటాయి అని లెక్కేసుకుని ఆ రాత్రే ఎంచుకున్నారు. సూట్‌కేసుల నిండా ఫైళ్లు పట్టుకెళ్లి పత్రికలకి పంపారు. ఎఫ్‌బీఐ నల్లజాతి ఉద్యమాల మీద, యుద్ధాన్ని వ్యతిరేకించేవాళ్ల మీద నిఘా పెట్టి ఏమేం చేసిందో అలా బయటపడింది. కొందరు 2014 దాకా తమ పేర్లు బయటపెట్టలేదు. జో హుక్ విసురుతుంటే చరిత్ర ఇంకోచోట తాళం పగలగొడుతోంది.

ఫిల్లీ_సుబ్బు
ఇన్నేళ్లు ఇక్కడ ఉండి ఈ సంగతి వినలేదు! మీడియా ఊరు మా ఇంటికి దగ్గరే.

ఇందూరు_పంచ్
ఆ 15వ రౌండ్ హుక్ అదృష్టంతో తగిలింది కాదు. ఫ్రేజియర్ కార్నర్‌లో ఎడ్డీ ఫచ్ అనే పెద్దాయన ఉన్నాడు. అలీ కుడిచేత్తో అప్పర్‌కట్, అంటే కింది నుంచి పైకి గుద్దు, వేసే ముందు నిటారుగా నిలబడి ఆ చెయ్యి కిందికి దించుతాడు అని కనిపెట్టాడు. దించినప్పుడు ఆ పక్క దవడకి కాపలా ఉండదు. చెయ్యి కిందికి పోగానే నువ్వు హుక్ వెయ్యి అని జిమ్‌లో వందలసార్లు చేయించాడు. వీడియో స్లో చేసి చూడండి.

ఇదే మనిషి జార్జ్ ఫోర్‌మన్ ముందు ఎందుకు నిలవలేదు అని కూడా పిల్లలు అడుగుతారు. 1973 జనవరి 22, జమైకాలో కింగ్‌స్టన్. రెండు రౌండ్లలో ఆరుసార్లు కిందపడ్డాడు. "డౌన్ గోస్ ఫ్రేజియర్" అని కామెంటేటర్ హోవార్డ్ కోసెల్ అరిచింది అప్పుడే. తల వంచుకుని ఊగుతూ లోపలికి వచ్చేవాడికి కింది నుంచి అప్పర్‌కట్ వేసే బలవంతుడు ఎదురైతే ఆ ఊపే ప్రాణం మీదికి వస్తుంది. ఫోర్‌మన్ రెండు చేతులతో నెట్టి దూరం సరిచేసుకుని మరీ కొట్టాడు. అందుకే స్టైల్ నేర్పేటప్పుడు దాని పగులు కూడా చూపించాలి అంటా.

బక్కోడు_99
ఆరుసార్లు పడ్డాడు సరే, ఆరోసారి కూడా లేచాడు. రిఫరీ ఆపాడు. నాకైతే అదే గుర్తుంటుంది.

డా_శాంతి
ఇక్కడ అందరూ దెబ్బల గురించి మురిసిపోతున్నారు, నాకు కొంచెం కష్టంగా ఉంది. 1975 అక్టోబర్ 1 మనీలా ఫైట్ నేను ఒకసారే చూశాను, మళ్లీ చూడలేను. అమెరికా టీవీ టైముకి సరిపోవాలని పొద్దున పూటే పెట్టారు. స్టేడియంలో వేడి, ఉక్క. చివరి రౌండ్లలో ఫ్రేజియర్ ముఖం వాచి కుడికన్ను మూసుకుపోయింది. ఎడమకన్ను అంతకుముందే సరిగ్గా కనపడేది కాదని ఆయనే చాలా ఏళ్ల తర్వాత రాసుకున్నాడు. అంటే 13, 14 రౌండ్లలో వచ్చే దెబ్బ కనపడకుండా నిలబడ్డాడు. దీన్ని "ధైర్యం" అని పిల్లలకి నేర్పితే ఎలా కోచ్ గారూ?

ఇందూరు_పంచ్
మేడమ్, నేను నేర్పేది ఫచ్‌ని. 14వ రౌండ్ అయ్యాక ఫ్రేజియర్ "నాకు వాడు కావాలి బాస్" అంటుంటే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. ఇక అయిపోయింది కొడుకా, ఇవాళ నువ్వు చేసింది ఎవరూ మర్చిపోరు అన్నాడు. రింగ్‌లో మనుషులు చనిపోవడం చూసినవాడు ఆయన. ఒక్క రౌండే మిగిలింది, ప్రపంచ టైటిల్, అయినా ఆపేశాడు. అవతల మూలలో అలీ కూడా ఆగిపోదామనే అన్నాడని ఒక కథ ఉంది, కాదనేవాళ్లూ ఉన్నారు. నాకు దాంతో పనిలేదు. మా అకాడమీలో తల్లిదండ్రులే "ఇంకో రౌండ్ ఆడనివ్వండి సార్" అంటారు. వాళ్లకి ఈ ముక్క చూపిస్తా.

డా_శాంతి
అలా అయితే సరే. ఆ తల్లిదండ్రులకి నా నంబర్ ఇవ్వండి, మిగతాది నేను చూసుకుంటా.

నైట్_షిఫ్ట్
మనీలాలో ఆపే టైముకి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ అలీయే ముందున్నాడు. ఇది కూడా రాసుకోండి. ఫ్రేజియర్ అభిమానులు ఇంకో రౌండ్ ఆడి ఉంటే గెలిచేవాడే అన్నట్టు చెప్తుంటారు.

ఫిల్లీ_సుబ్బు
నేను అనలేదు.

నైట్_షిఫ్ట్
అనబోయారు.

లలిత_కె
ఇప్పటిదాకా ఫ్రేజియర్ పక్షాన మాట్లాడాను కానీ ఆయన్ని దేవుణ్ణి చేయడం కూడా ఇష్టం లేదు. చేదు ఆయన్ని తినేసింది. ఏళ్ల తరబడి అలీని పాతపేరు క్లే అనే పిలిచాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వణికే చేత్తో అలీ జ్యోతి వెలిగిస్తుంటే ప్రపంచం కళ్లు తుడుచుకుంది. ఈయన మాత్రం ఆ మంటలోకి నెట్టేసేవాణ్ణి అన్నాడు. అలీ ఆ స్థితికి కారణం నేనే అని గొప్పగా చెప్పుకున్న సందర్భాలున్నాయి. అవమానం పడ్డవాడి కోపం నాకు అర్థమవుతుంది. రోగం చూసి సంతోషించడం అర్థం కాదు.

పాత_రేడియో
అమ్మా, నువ్వు చెప్పింది నిజమే. కానీ మనీలా అయిపోయిన వెంటనే అదే మనిషి ఏమన్నాడో కూడా చూడు. ఊరి గోడలు కూలిపోయే దెబ్బలు కొట్టాను, అయినా తట్టుకున్నాడు, గొప్ప ఛాంపియన్ అన్నాడు. రెండూ ఆయనే. ఆయన పోయినప్పుడు అలీ ఆ వణుకుతోనే ఫిలడెల్ఫియా వచ్చి అంత్యక్రియల్లో కూర్చున్నాడు. 2016లో అలీ పోయాడు, 2025 మార్చిలో ఫోర్‌మన్ కూడా పోయాడు. ఇక ముగ్గురిలో ఎవర్నీ అడగలేం, మనమే వాదించుకోవాలి.

ఒంటిగంట_కబుర్లు
ఇంట్లోవాళ్ల సంగతి వదిలేశారు. కొడుకు మార్విస్‌ని 1986లో మైక్ టైసన్ 30 సెకన్లలో పడగొట్టాడు. మన తెలుగు సినిమాలో కనిపించాడే, ఆ టైసనే. కూతురు జాకీ లాయరు. 2001లో అలీ కూతురు లైలాతో ఎనిమిది రౌండ్లు ఆడింది. లైలా గెలిచింది కానీ జడ్జీల్లో ఒకరు డ్రా ఇచ్చారు. ఆ తర్వాత జాకీ ఫిలడెల్ఫియాలో నిజం జడ్జి అయింది.

బక్కోడు_99
రింగ్‌లో జడ్జీలు నచ్చక తనే జడ్జి అయిపోయిందన్నమాట. నచ్చింది.

ఫిల్లీ_సుబ్బు
నన్నడిగితే ఆయన వదిలి వెళ్లినదాంట్లో పెద్దది నార్త్ బ్రాడ్ స్ట్రీట్ మీద జిమ్. రిటైరయ్యాక ఎక్కడికీ పోలేదు, ఆ జిమ్ పైనే కాపురం ఉన్నాడు. ఆ పేటలో పిల్లలు వీధిలో తిరక్కుండా లోపలికి వచ్చి బ్యాగ్ గుద్దుకునేవాళ్లు. 2008లో మూతపడింది, తర్వాత ఫర్నిచర్ షాపు అయింది. 2013లో ఆ బిల్డింగ్‌ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. మా ఆఫీసులో ఒకాయన చిన్నప్పుడు అక్కడ నేర్చుకున్నాడు. ఫ్రేజియర్ గురించి అడిగితే ఫైట్ల మాట ఎత్తడు. గ్లోవ్స్ సరిగ్గా కట్టుకోకపోతే ఎలా తిట్టేవాడో చెప్తాడు.

లలిత_కె
సుబ్బు గారూ, మీరు ఇప్పుడు రాసిన దాంట్లో అలీ లేడు, గమనించారా?

నైట్_షిఫ్ట్
సరే, జిమ్ విషయంలో ఒప్పుకుంటా. అలీకి అలాంటి పేట లేదు. మిగతా వాటిలో నా మాట మీదే ఉన్నా.

బక్కోడు_99
ఇంత చదివాక ఒకటి చూడాలనిపిస్తోంది. మొదట ఏది చూడాలి? అలీవి కాకుండా చెప్పండి.

ఇందూరు_పంచ్
1969 జూన్, జెర్రీ క్వారీతో. మొదటి రౌండ్ నుంచే ఇద్దరూ తలకి తల ఆనించి కొట్టుకున్నారు, ఏడో రౌండ్ అయ్యాక ఆపేశారు. ఎడమచెయ్యి ఎంత దగ్గర్నుంచి, ఎంత తక్కువ దూరం కదిలి తగులుతుందో చూడు. చూశాక 1970 నవంబర్‌లో బాబ్ ఫోస్టర్‌తోది చూడు, రెండో రౌండ్‌లోనే అయిపోతుంది.

పాత_రేడియో
నేనైతే 1964 టోక్యో ఒలింపిక్స్ ఫైనల్ ముందు చూడమంటా. ట్రయల్స్‌లో మథిస్ చేతిలో ఓడాడు, అతని చేతికి దెబ్బ తగిలితే బదులుగా వెళ్లాడు. సెమీఫైనల్లో ఎడమచేతి బొటనవేలు విరిగింది. ఎవరికీ చెప్పకుండా ఫైనల్ ఆడి 3-2తో జర్మన్ హాన్స్ హూబర్ మీద స్వర్ణం గెలిచాడు.

ఇందూరు_పంచ్
మాస్టారూ, ఆ ఫైనల్‌లో హుక్ సరిగ్గా వేయలేకపోయాడు కదా. కొత్తగా చూసేవాడికి క్వారీదే మేలు.

డా_శాంతి
విరిగిన వేలితో ఆడటం మళ్లీ పొగుడుతున్నారు. నేను వెళ్తున్నా.

బక్కోడు_99
మేడమ్ ఉండండి, క్వారీదే చూస్తా.